గట్టివాళ్లకీ తగులుతుంది

శల్యసారథ్యం అనే మాట తెలుగువాళ్ల వాడుకలో ఇప్పటికీ ఉంది. పక్కనే ఉండి, సాయం చేస్తున్నట్టే కనిపిస్తూ, మనిషిని లోపల్నుంచి నీరుగార్చేవాడి పనికి ఆ పేరు. దాని వెనక కథ భారతంలోది. అర్జునుడికి సరిజోడు అనదగిన విలుకాడు కర్ణుడు. అలాంటివాడి జోరు తగ్గించడానికి ధర్మరాజు అస్త్రం కోసం వెతకలేదు. కౌరవపక్షాన చేరిన మేనమామ శల్యుణ్ణి పట్టుకున్నాడు. కర్ణుడికి రథం తోలాల్సి వస్తే, అతని తేజస్సు తగ్గేలా మాట్లాడమని యుద్ధానికి ముందే మాట తీసుకున్నాడు. కర్ణపర్వంలో శల్యుడు ఆ మాట నిలబెట్టుకున్నాడు. పగ్గాలు చేతిలో పట్టుకునే పుట్టుకను ఎత్తిపొడిచాడు, అర్జునుణ్ణి పొగిడాడు. సహజ కవచాన్ని ఒంటి మీద నుంచి ఒలిచి ఇచ్చేటప్పుడు చలించని కర్ణుడు, సారథి మాటలకు మాత్రం ఉడికిపోయాడు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే కథ కిష్కింధాకాండ చివర్లో ఉంది. సముద్రపు ఒడ్డున వానరులందరూ ఎవరెంత దూరం దూకగలరో లెక్కలు చెబుతుంటే, హనుమంతుడు ఒక పక్కగా మాట్లాడకుండా కూర్చుంటాడు. జాంబవంతుడు దగ్గరికి వెళ్లి, అతని పుట్టుకను, బలాన్ని గుర్తు చేస్తాడు. ఆ తర్వాతే లంకకు దారి పడింది. లోకంలో బలానికి పెట్టింది పేరైన ఇద్దరిలో ఒకరు మాటతో కుంగారు, ఒకరు మాటతో లేచారు. గట్టివాళ్లకు మాటలు తగలవన్న నమ్మకం పురాణం రాసినవాళ్లకు ఉన్నట్టు లేదు. అది తర్వాతివాళ్లు పెట్టుకున్నది.

ఆ నమ్మకం ఎక్కడ తప్పుతుందో చూడాలంటే బలం ఎలా తయారవుతుందో చూడాలి. బలం ఒక పని దగ్గర పుట్టి, ఆ పని దగ్గరే పెరుగుతుంది. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ముందు కాలు కదలకుండా నిలబడడం వేల గంటల సాధన మీద వచ్చే విద్య. పసిబిడ్డను ఇంట్లో వదిలి మూడు నెలలు పరాయి దేశపు హోటల్ గదిలో పడుకోవడానికి ఆ సాధన అక్కరకు రాదు. అది వేరే విద్య, దాన్ని ఎవరూ నేర్పరు. చూసేవాళ్లు మాత్రం మొదటిదాన్ని చూసి రెండోది కూడా ఉందనుకుంటారు. క్రికెట్‌లో ఈ తేడా బాగా బయటపడుతుంది. బ్యాట్స్‌మన్ ఒక్క తప్పు చేస్తే ఆ రోజుకు అతని పని అయిపోతుంది. మిగతా సమయమంతా ఆ తప్పునే తలచుకుంటూ కూర్చోవచ్చు, లక్షల మంది చూశారన్న ఎరుకతో.

ఇంగ్లండ్ ఓపెనర్ మార్కస్ ట్రెస్కోథిక్ 76 టెస్టుల్లో 5,825 పరుగులు చేశాడు. కొత్త బంతిని ఉతికి ఆరేసే రకం. 2006 ఫిబ్రవరిలో భారత్ పర్యటన మధ్యలో హఠాత్తుగా ఇంటికి వెళ్లిపోయాడు. కుటుంబ కారణాలని ఒకసారి, వైరస్ అని ఒకసారి చెప్పారు. అదే ఏడాది నవంబరులో ఆస్ట్రేలియా నుంచి కూడా, యాషెస్ మొదటి టెస్టు మొదలుకాకముందే, తిరిగి వచ్చేశాడు. అసలు సంగతి 2008లో ఆయన తన ఆత్మకథలో రాశాడు: తీవ్రమైన కుంగుబాటు, ఇంటికి దూరమైతే వచ్చిపడే భయం. ఆ పుస్తకానికి ఆ ఏడాది బ్రిటన్‌లో ఉత్తమ క్రీడాగ్రంథంగా విలియం హిల్ పురస్కారం దక్కింది. క్రికెటర్లు ఇలాంటి విషయం నోరు విప్పి చెప్పడానికి దారి వేసింది ఆ పుస్తకమే అనవచ్చు. గమనించాల్సింది ఆ మధ్య గడిచిన రెండేళ్లు. వైరస్ అంటే అందరూ అర్థం చేసుకుంటారు, మనసు బాగోలేదంటే ఎవరూ అర్థం చేసుకోరని ఆ గట్టి మనిషి చుట్టూ ఉన్న ప్రపంచం అనుకుంది.

ఇంగ్లండ్‌కే ఆడిన జొనాథన్ ట్రాట్ కథ మరికొంత వివరంగా చెప్పుకోవాల్సింది. 2010-11 యాషెస్‌లో ట్రాట్ 89 సగటుతో 445 పరుగులు చేశాడు. 2011లో ఐసీసీ ప్రపంచ ఉత్తమ క్రికెటర్ పురస్కారం అందుకున్నాడు. క్రీజు మీద గీత గీసుకుంటూ, ఎంతసేపైనా తొందరపడకుండా, ఎదుటి జట్టును విసిగించి ఆడేవాడు. గోడలాంటి మనిషి అన్న పేరుకు అన్ని విధాలా తగినవాడు. రెండేళ్లు దాటాక, 2013 నవంబరులో బ్రిస్బేన్‌లో, ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ మిచెల్ జాన్సన్ వేగానికి రెండు ఇన్నింగ్స్‌లోనూ త్వరగా అవుటయ్యాడు. చేసినవి 10, 9. రెండోసారి అవుటైన రోజు సాయంత్రం విలేకరుల ముందుకు వచ్చిన ఆస్ట్రేలియా ఓపెనర్ డేవిడ్ వార్నర్, ట్రాట్ అవుటైన తీరు మరీ నాసిగా, పిరికిగా ఉందన్న అర్థంలో మాట్లాడాడు. ఇది ఆటగాడికి అగౌరవమని ఇంగ్లండ్ కెప్టెన్ అలెస్టర్ కుక్ అన్నాడు. ఇంగ్లండ్ 381 పరుగుల తేడాతో ఓడింది. మర్నాడు ట్రాట్ ఇంటికి వెళ్లిపోయాడు. దీర్ఘకాలంగా ఉన్న ఒత్తిడి సంబంధ అనారోగ్యమని జట్టు యాజమాన్యం ప్రకటించింది.

ఇక్కడ తూకం తప్పకూడదు. వార్నర్ మాట వల్ల ట్రాట్‌కు జబ్బు రాలేదు. ఆ ఇబ్బంది చాలాకాలంగా ఉన్నదేననీ, వార్నర్ వ్యాఖ్యలకూ తిరుగుప్రయాణానికీ సంబంధం లేదనీ కోచ్ ఆండీ ఫ్లవర్ చెప్పాడు. వార్నర్‌కు ఆ సంగతి తెలియదు, తెలిసే వీలూ లేదు. అసలు పేచీ అక్కడే ఉంది. ఎదుటి మనిషి ఆ రోజు ఏ స్థితిలో ఉన్నాడో తెలియకుండానే మాట విసరడం జరుగుతుంది. నూటికి తొంభైసార్లు ఏమీ కాదు. అయినరోజున, అయిందని కూడా విసిరినవాడికి తెలియదు.

తర్వాత జరిగింది కూడా చెప్పుకోదగ్గదే. నాలుగు నెలల తర్వాత ట్రాట్ ఒక ఇంటర్వ్యూలో, తాను పూర్తిగా అలసిపోయాననీ, దాన్ని కుంగుబాటు అనలేననీ వివరించాడు. దానికి ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ మైకేల్ వాన్, మోసపోయినట్టుగా అనిపిస్తోందని రాశాడు. జబ్బుకు తగిన పేరు చెబితేనే సానుభూతి, లేకపోతే లేదన్నమాట. కాలు విరిగినవాణ్ణి ఎముక ఎన్ని ముక్కలైందో చూపించమని ఎవరూ అడగరు. ట్రాట్ 2015లో వెస్టిండీస్‌లో మళ్లీ ఆడి చూశాడు. మూడు టెస్టుల్లో మూడు సున్నాలు వచ్చాయి. అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకున్నాడు. 2022లో అఫ్గానిస్థాన్ జట్టుకు ప్రధాన కోచ్ అయ్యాడు. ఆయన శిక్షణలో ఆ జట్టు 2023 ప్రపంచకప్‌లో ఢిల్లీలో ఇంగ్లండ్‌ను ఓడించింది, 2024 టీ20 ప్రపంచకప్‌లో సెమీస్‌కు చేరింది.

ఇక వార్నర్. తెలుగువాళ్లకు ఈయన్ను పరిచయం చేయనక్కర్లేదు. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఐపీఎల్ కప్పు తెచ్చిన కెప్టెన్, ఆ సీజన్‌లో 848 పరుగులు చేసిన బ్యాట్స్‌మన్, లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదితో బుట్టబొమ్మ పాటకు స్టెప్పులు వేసినవాడు. మైదానంలో మాత్రం నోటి దురుసుకు పెట్టింది పేరు. అలాంటివాడికి ఏ మాటా తగలదని ఎవరైనా అనుకుంటారు. 2018 మార్చిలో దర్బన్ టెస్టు జరుగుతుండగా, డ్రెస్సింగ్ రూముకు వెళ్లే మెట్ల మీద దక్షిణాఫ్రికా ఆటగాడితో ఆయన గొడవకు దిగిన వీడియో బయటికొచ్చింది. భార్య గురించి అన్న ఒక మాట భరించలేకపోయానని తర్వాత చెప్పాడు. మాటలతో ఆడుకునే మనిషికి కూడా ఒక మర్మస్థానం ఉంది. తెలిసినవాళ్లు అక్కడే కొట్టారు.

అదే నెలాఖరులో కేప్‌టౌన్‌లో బంతిని సాండ్‌పేపర్‌తో అరగదీసిన వ్యవహారం. తప్పు నిర్వివాదం. కెప్టెన్ స్టీవ్ స్మిత్‌కు, వార్నర్‌కు ఏడాది నిషేధం, కామెరాన్ బాన్‌క్రాఫ్ట్‌కు తొమ్మిది నెలలు. మార్చి 29న సిడ్నీ విమానాశ్రయంలో విలేకరుల ముందు స్మిత్ మాట పూర్తి చేయలేక ఏడ్చేశాడు. వెనక నిలబడ్డ తండ్రి అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు. రెండు రోజుల తర్వాత వార్నర్ వంతు. ఆయనా కన్నీళ్లు పెట్టుకున్నాడు. నాలుగేళ్ల కింద ఇంకొకరి బలహీనత గురించి తేలిగ్గా మాట్లాడిన మనిషి సరిగ్గా అలాంటి కెమెరాల ముందే నిలబడ్డాడు. కర్మఫలం అనడానికి నోరు ఊరుతుంది. కానీ అది కూడా ఎత్తిపొడుపే అవుతుంది. 2021 ఐపీఎల్ సీజన్ మధ్యలో హైదరాబాద్ కెప్టెన్సీ పోయింది, ఆ పైన తుదిజట్టులో చోటూ పోయింది. అదే ఏడాది నవంబరులో టీ20 ప్రపంచకప్‌లో 289 పరుగులతో టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు.

నిషేధం ముగిసి 2019 ప్రపంచకప్‌కు స్మిత్ తిరిగి వచ్చాడు. జూన్ 9న లండన్ ఓవల్‌లో భారత్‌తో మ్యాచ్. బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న స్మిత్‌ను చూసి భారత అభిమానులు గేలి చేస్తున్నారు. క్రీజులో ఉన్న విరాట్ కోహ్లి అటు తిరిగి, అదేం పని అన్నట్టు చేతులు చూపి, చప్పట్లు కొట్టమని సైగ చేశాడు. మ్యాచ్ తర్వాత అభిమానుల తరఫున స్మిత్‌కు క్షమాపణ కూడా చెప్పాడు. ఆ సైగకు ఐసీసీ ఆ ఏడాది క్రీడాస్ఫూర్తి పురస్కారం ఇచ్చింది. కోహ్లిని సాధుస్వభావి అని ఎవరూ అనరు. మైదానంలో ఆయన దూకుడు, ఆయన నోరు అందరికీ తెలిసినవే. మరి ఆ పని ఆయనే ఎందుకు చేయగలిగాడు?

జవాబు ఐదు నెలల తర్వాత ఇండోర్‌లో దొరికింది. ఆస్ట్రేలియా ఆల్‌రౌండర్ గ్లెన్ మ్యాక్స్‌వెల్ మానసిక ఆరోగ్యం కోసం ఆటకు కొన్నాళ్లు దూరంగా ఉంటానని ప్రకటించిన రోజులవి. దాని గురించి అడిగితే కోహ్లి, 2014 ఇంగ్లండ్ పర్యటనలో తనకూ లోకం అంతమైపోయినట్టే అనిపించిందనీ, ఏం చేయాలో, ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదనీ చెప్పాడు. ఆ పర్యటనలో పది ఇన్నింగ్స్‌లలో ఆయన చేసినవి 134 పరుగులు. మనసు బాగోలేదని అప్పుడు చెప్పుకోలేకపోయాడు, ఎదుటివాళ్లు ఎలా తీసుకుంటారోనని. నాలుగేళ్ల తర్వాత అదే దేశంలో 593 పరుగులు చేశాడు. తాను దాటొచ్చిన నొప్పి ఇంకొకరి ముఖంలో కనిపిస్తే గుర్తుపట్టడం సులువు. అయితే అందరూ ఆ దారిన వెళ్లి రావాలన్న నియమం పెట్టుకుంటే మృదుత్వం మరీ ఖరీదైన వస్తువైపోతుంది.

మ్యాక్స్‌వెల్ సంగతిలో ఇంకో పాఠం ఉంది. విరామం ప్రకటించడానికి నాలుగు రోజుల ముందు అడిలైడ్‌లో శ్రీలంక మీద ఆయన 28 బంతుల్లో 62 పరుగులు చేశాడు. నవ్వుతూ, విచిత్రమైన షాట్లు కొడుతూ. టీవీలో చూసిన ఏ ఒక్కరికీ అనుమానం వచ్చి ఉండదు. తేడాను ముందు పసిగట్టింది తన జీవిత భాగస్వామేనని తర్వాత ఆయనే చెప్పాడు. పైకి కనిపించే ఆట లోపలి స్థితికి కొలమానం కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. విజయం కూడా కొలమానం కాదు. 2008 ఆగస్టు 11న బీజింగ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచి, వ్యక్తిగత విభాగంలో భారత్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రా, తన జీవితంలో అతి పెద్ద మానసిక సంక్షోభం ఓటమితో రాలేదనీ, ఆ గెలుపు తర్వాతే వచ్చిందనీ పలుమార్లు చెప్పాడు. దేశమంతా పండగ చేసుకుంటున్న రోజుల్లో ఆయనకు జీవితం ఖాళీగా తోచింది.

కొన్నిసార్లు గాయం నిజంగా గాయమే అయి ఉంటుంది, కాకపోతే కంటికి కనిపించదు. 2018 మే 26న కీవ్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్లో లివర్‌పూల్ గోల్‌కీపర్ లోరిస్ కారియస్ రెండు ఘోరమైన తప్పులు చేశాడు. రియల్ మాడ్రిడ్ 3-1తో గెలిచింది. కారియస్ ఏడుస్తూ అభిమానుల వైపు వెళ్లి చేతులు జోడించాడు. ఆన్‌లైన్‌లో తిట్లు, చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. కొద్దిరోజులకు బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు పరీక్షించి, మ్యాచ్‌లో ఎదుటి ఆటగాడి మోచేయి తగిలినప్పుడు అతని మెదడుకు అదురు దెబ్బ తగిలిందనీ, దాని వల్ల చూపు, దూరం అంచనా దెబ్బతిని ఉండొచ్చనీ చెప్పారు. నమ్మనివాళ్లు నమ్మలేదు, సాకు అన్నారు. తలకు దెబ్బ తగిలిన మనిషిని ప్రపంచమంతా కలిసి తిట్టిందన్న ఆలోచన చాలామందికి ఇబ్బందిగా ఉండి ఉండాలి. సాకు అనుకుంటే ఆ ఇబ్బంది తీరిపోతుంది.

హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ తండ్రి ఆటో నడిపి కొడుకును ఆడించాడు. 2019 ఐపీఎల్‌లో సిరాజ్ బౌలింగ్ బాగా దెబ్బతింది. క్రికెట్ వదిలేసి పోయి మీ నాన్నతో కలిసి ఆటో తోలుకో అని జనం తిట్టారని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. బౌలింగ్ బాగాలేదనడం ఒక ఎత్తు. ఆ తిట్టులో బౌలింగ్ ఊసే లేదు, ఇంటి గుమ్మం దాకా వెళ్లింది. ఎవరేమన్నా పట్టించుకోవద్దు, ఇవాళ తిట్టినవాళ్లే రేపు పొగుడుతారు అని మహేంద్రసింగ్ ధోని చెప్పిన మాట తనను నిలబెట్టిందని సిరాజ్ అంటాడు. 2020 నవంబరులో జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి చనిపోయాడు. ఇంటికి వెళ్లడానికి బోర్డు అవకాశమిచ్చినా ఉండిపోయాడు. మెల్‌బోర్న్‌లో టెస్టు అరంగేట్రం. సిడ్నీలో జాతీయగీతం వినిపిస్తుంటే కన్నీళ్లు ఆగలేదు. అదే మ్యాచ్‌లో ప్రేక్షకుల్లో కొందరు జాతివివక్ష మాటలు అంటే అంపైర్లకు ఫిర్యాదు చేశాడు. ఆట కాసేపు ఆగింది. తర్వాతి టెస్టులో, బ్రిస్బేన్‌లో, రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు ఐదు వికెట్లు తీశాడు. హైదరాబాద్‌లో విమానం దిగగానే ఇంటికి కూడా వెళ్లకుండా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. చూశారా, ఎంత గట్టివాడో అని ఈ కథను చాలామంది చెబుతారు. నిజమే. కానీ ఆటో మాటను ఏళ్ల తర్వాత కూడా ఆయన మరిచిపోలేదన్నది కూడా ఆ కథలో భాగమే.

ఇవన్నీ విడివిడి ఉదంతాలు. లెక్కలు కూడా ఇదే వైపు చూపిస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పిలుపు మీద నిపుణులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి 2019లో ప్రచురించారు. ఆడుతున్న అగ్రశ్రేణి క్రీడాకారుల్లో సుమారు 34 శాతం మందిలో, రిటైరైనవాళ్లలో 26 శాతం మందిలో ఆందోళన లేదా కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. ఇవి లక్షణాలే, అందరికీ జబ్బు అని అర్థం కాదు. అయినా ప్రపంచంలోకెల్లా దృఢమైన శరీరాలున్నవాళ్లలో మూడోవంతు అంటే చిన్న సంగతి కాదు.

మాట తగలడం అన్నది కేవలం అలంకారమా అన్న ప్రశ్న కూడా శాస్త్రవేత్తలకు వచ్చింది. 2003లో నవోమి ఐసెన్‌బర్గర్, మరో ఇద్దరు పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం వివరించారు. మనిషిని స్కానర్‌లో పడుకోబెట్టి, కంప్యూటర్ తెర మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట ఆడించారు. కొంతసేపటికి మిగతా ఇద్దరూ అతనికి బంతి ఇవ్వడం మానేస్తారు. అంతే, అంతకుమించి అవమానం లేదు. ఆ సమయంలో మెదడులో చురుగ్గా మారిన భాగాల్లో, ఒంటికి నొప్పి కలిగినప్పుడు ఆ బాధను పలికించే ప్రాంతం ఒకటి ఉంది. రెండు నొప్పులూ ఒకటేనని తేల్చడం తొందరపాటని తర్వాత వేరే శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు, వాదన ఇంకా నడుస్తోంది. తెలుగు భాష మాత్రం ఈ విషయంలో ఎప్పుడో ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, సూటిపోటి మాట, ములుకులాంటి మాట. అన్నీ గుచ్చుకునేవే.

మైదానం దాటి ఇళ్లలోకి వస్తే ఈ గట్టివాళ్లకు వేరే పేర్లుంటాయి. మొండిఘటం, గుండెనిబ్బరం ఉన్న మనిషి, ఇంటికి పెద్దకొడుకు, అన్నీ ఆవిడే చూసుకుంటుంది. తండ్రి పోయిన పదకొండో రోజున భోజనాల లెక్క చూస్తున్న పెద్దకొడుకును ఎలా ఉన్నావని అడిగేవాళ్లు తక్కువ. అతని దగ్గరికి వచ్చేవాళ్లు వంటవాళ్ల డబ్బు గురించో, అమ్మను ఎక్కడ ఉంచుతారన్న సంగతో అడుగుతారు. గట్టివాడన్న పేరు ఒకసారి వచ్చాక దాన్ని దించుకోవడం కష్టం. ఏడిస్తే ఇల్లంతా కంగారు పడుతుందన్న భయం ఒకటి తోడవుతుంది. చుట్టూ ఉన్నవాళ్లకు కూడా ఆ పేరు సౌకర్యమే, ఒక మనిషి గురించి పట్టించుకోనక్కర్లేకుండా పోతుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో ప్రతి పదిమందిలో ఏడుగురు పురుషులు. కారణాలు ఒక్క మాటలో తేలేవి కావు. అప్పులు, జబ్బులు, తాగుడు, కుటుంబ కలహాలు అన్నీ ఉన్నాయి. అయితే మగవాడు ఏడవకూడదు, చెప్పుకోకూడదు అని చిన్నప్పట్నుంచి నేర్పే అలవాటును ఆ లెక్క నుంచి వేరు చేసి చూడలేం. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దవాళ్లలో 10.6 శాతం మంది అప్పటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. బస్సులో పక్క సీటువాళ్లు, ఆఫీసులో ఎదుటి టేబుల్ మనిషి, గొడవపడుతున్న కండక్టర్, వీళ్లలో ఎవరు ఆ పదిమందిలో ఒకరో ముఖం చూసి చెప్పలేం.

మరి మృదువుగా ఉండడం అంటే ఏమిటి? తప్పును తప్పనకపోవడం మాత్రం కాదు. కేప్‌టౌన్ తప్పుకు శిక్ష పడాల్సిందే, పడింది కూడా. శిక్ష పడ్డవాణ్ణి ఏడాది తర్వాత కూడా గేలి చేయడం వేరే పని. ట్రాట్ బౌన్సర్లు ఆడలేకపోతున్నాడని చెప్పడం క్రికెట్ విశ్లేషణ. ఆ షాటుకు మనిషి గుండెధైర్యాన్ని ముడిపెట్టడం విశ్లేషణ కాదు. పని గురించి మాట్లాడితే ఎదుటివాడికి సరిదిద్దుకునే దారి ఉంటుంది. మనిషి గురించి, పుట్టుక గురించి, ఇంటివాళ్ల గురించి మాట్లాడితే ఆ దారి మూసుకుపోతుంది. శల్యుడికి ఈ తేడా బాగా తెలుసు. అందుకే కర్ణుడి గురిని వదిలి కులం మీద పడ్డాడు. సమయం, చోటు కూడా లెక్కలోకి వస్తాయి. నలుగురిలో అన్న మాట, ఒంటరిగా పిలిచి చెప్పిన మాట ఒకటే అయినా తగిలే లోతు వేరు.

చిన్న మంచిమాటకు నిజంగా బలం ఉందా అన్నదానికి ఒక అపురూపమైన ప్రయోగం జవాబు చెబుతుంది. అమెరికా మానసిక వైద్యుడు జెరోమ్ మోటో రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాడు. అప్పట్లో తనకు తెలిసిన ఒక యువతి ఏమీ ఆశించకుండా రాసిన ఉత్తరాలు తనకు ఎంత ఊరటనిచ్చాయో ఆయనకు గుర్తుండిపోయింది. 1969 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో, కుంగుబాటుతో గానీ ఆత్మహత్య ఆలోచనలతో గానీ ఆసుపత్రిలో చేరి, బయటికొచ్చాక చికిత్స కొనసాగించడానికి ఒప్పుకోని 843 మందిని తీసుకున్నాడు. దాదాపు సగంమందికి ఐదేళ్లపాటు అప్పుడప్పుడూ ఒక చిన్న ఉత్తరం వెళ్లింది. మీరు బాగున్నారని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి అన్నంతే సారాంశం. సలహా లేదు, మందులు వేసుకోమన్న హెచ్చరిక లేదు. మిగతావాళ్లకు ఏమీ పంపలేదు. ఉత్తరాలు అందినవాళ్లలో ఆత్మహత్యలు తక్కువగా నమోదయ్యాయి. మొదటి రెండేళ్లలో ఆ తేడా స్పష్టంగా కనిపించింది. పూర్తి ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. వైద్యం వద్దన్నవాళ్లు కూడా పలకరింపు వద్దనలేదు.

తెలుగు ఇళ్లలో ఆ ఉత్తరం పని చేసే మాటలు ఇప్పటికే ఉన్నాయి. అన్నం తిన్నావా అన్నది ఆకలి గురించిన ప్రశ్న మాత్రమే అయితే అన్నిసార్లు అడగరు. వచ్చిన చిక్కల్లా దాన్ని ఎవర్ని అడుగుతాం అన్నదే. పిల్లల్ని, ముసలివాళ్లని, జబ్బుపడ్డవాళ్లని అడుగుతాం. ఇంటిని మోస్తున్న మనిషిని అడగడం మరిచిపోతాం. గట్టివాడని పేరున్నవాణ్ణి పలకరించేటప్పుడు ఒకసారి అడిగి ఊరుకుంటే సాధారణంగా బాగానే ఉన్నాను అన్న జవాబే వస్తుంది. రెండోసారి, ఇంకో రోజు, తొందరలేకుండా అడిగితే జవాబు మారొచ్చు. చెప్పడం మొదలుపెడితే వెంటనే నీకేం తక్కువ, ధైర్యంగా ఉండు అనడం మాట తుంచేయడమే. వినడం చాలు.

చట్టం కూడా ఈ వైపుకే వచ్చింది. ఒకప్పుడు ఆత్మహత్యాయత్నం శిక్షార్హమైన నేరం. బతికి బయటపడ్డ మనిషి ఆసుపత్రి మంచం మీద నుంచే కేసు ఎదుర్కొనేవాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలనీ, వేరుగా రుజువైతే తప్ప శిక్షించకూడదనీ చెప్పింది. సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తింపజేయాలని కూడా అదే చట్టం అంటుంది.

2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సేవను ప్రారంభించింది. నంబరు 14416. రోజుకు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో గట్టి మనిషి అని పేరున్నవాళ్ల ఫోనులో కూడా ఈ నంబరు ఉండేలా చూడండి.